గొట్టాలు పైకి తీసే రోజు: రిగ్గు మీద పట్టించుకోవాల్సిన జాగ్రత్తలు

కోనసీమలో నా ఈడు వాళ్లెవరూ 1995 జనవరి 8ని మర్చిపోలేరు. పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రయినా ఆకాశం ఎర్రగానే ఉండేది. ఆ మంట చూస్తూ పదో తరగతి చదివిన నేను తర్వాత అదే పనిలోకి వెళ్లాను. ఫ్లోర్‌మ్యాన్‌గా చేరి, డెరిక్ అనే రిగ్గు టవర్ ఎక్కి, చివరికి డ్రిల్లర్‌గా బ్రేక్ పట్టుకున్నాను.

ఇప్పుడు మన కుర్రాళ్లు చాలామంది రాజమండ్రి చుట్టుపక్కల రిగ్గుల మీద, అస్సాంలో, గుజరాత్‌లో, గల్ఫ్‌లో ఇదే పని చేస్తున్నారు. బావిని అదుపు చేయడం నేర్చుకున్నందుకు ఇచ్చే ఐడబ్ల్యూసీఎఫ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వస్తున్నారు. లెక్కలు నాకంటే వేగంగా వేస్తారు. కానీ ఒక్క విషయంలో వాళ్లని చూస్తే నాకు టెన్షన్. గొట్టాల కొసన రాతిని తవ్వే బిట్ తిరుగుతున్నంతసేపు రెప్ప వేయకుండా చూస్తారు. తవ్వకం ఆపి గొట్టాలు పైకి తీయడం మొదలుపెట్టగానే హమ్మయ్య అనుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే.

ఎందుకో చెబుతాను. బావిని అదుపులో ఉంచే మొదటి కాపలా బావి నోటిని మూసే బీఓపీ యంత్రం కాదు, లోపల నింపే బరువైన బురద ద్రవం, మడ్. 10 పీపీజీ (గాలన్‌కి 10 పౌండ్లు) బరువున్న మడ్ 10,000 అడుగుల లోతున 5,200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి వేస్తుంది. కింద రాతిలో ఉన్న గ్యాస్ ఒత్తిడి అంతకంటే తక్కువైతే అది లోపలే ఉంటుంది. పంపు తిరుగుతున్నంతసేపు మడ్ పైకి వచ్చే దారిలో రాపిడి వల్ల అడుగున ఇంకాస్త ఒత్తిడి కలుస్తుంది. పంపు ఆపగానే ఆ కాస్త పోతుంది. గొట్టం పైకి లాగితే రెండో నష్టం. గొట్టం బయటికి వచ్చినంత మేర బావిలో మడ్ మట్టం దిగిపోతుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది. చేతిపంపు బోరింగ్ కొట్టేటప్పుడు లోపలి వాషర్ నీళ్లని పైకి ఎలా లాగుతుందో, మట్టి పట్టిన బిట్‌ని వేగంగా లాగితే అదీ రాతిలోని గ్యాస్‌ని అలాగే లాగుతుంది. దీన్నే స్వాబింగ్ అంటాం. మడ్ చాలినంత బరువున్నా సరే, ఈ లాగుడుకి ఒకటి రెండు బ్యారెళ్ల గ్యాస్ లోపలికి వచ్చేయగలదు.

ఒకటి రెండు బ్యారెళ్లే కదా అనుకోవద్దు. 10,000 అడుగుల దగ్గర 1 బ్యారెల్ గ్యాస్, ఒత్తిడి సగమైన 5,000 అడుగుల దగ్గర 2 అవుతుంది. 2,500 దగ్గర 4, 1,250 దగ్గర 8. పైకి వచ్చేసరికి దాదాపు 350. ఉబ్బడమంతా చివరి వెయ్యి అడుగుల్లోనే. అందుకే బావి గంటలకొద్దీ నిద్రపోతున్నట్టే ఉండి, నిమిషాల్లో లేచి కూర్చుంటుంది.

కాబట్టి తీయడం మొదలుపెట్టే ముందు పంపుతో బావిలోని మడ్ మొత్తం ఒక చుట్టు తిప్పండి. అడుగు మడ్ పైకి వచ్చి, లోపలికెళ్లే బరువూ బయటికొచ్చే బరువూ ఒకటయ్యేదాకా ఆగండి. పంపు ఆపి ఫ్లో చెక్ చేయండి, అంటే బావి దానంతటదే పారుతోందా అని చూడండి. మొదటి కొన్ని స్టాండ్లు (స్టాండ్ అంటే ఒకేసారి తీసే మూడు గొట్టాల వరస) నెమ్మదిగా తీయండి, బిట్ ఇంకా గ్యాస్ పొరల దగ్గరే ఉంటుంది కనుక. గొట్టాలు తీసేటప్పుడు బావిని నింపే ట్రిప్ ట్యాంక్ నింపి, మట్టం కొలిచే ఫ్లోట్‌ని చేత్తో కదిపి, తెర మీద అంకె కదులుతుందో లేదో చూడండి. పైపు నోరు మూసే సేఫ్టీ వాల్వ్ ఫ్లోర్ మీదే, తెరిచి ఉండాలి. దాని తాళం పక్కనే ఉండాలి. బీఓపీని నడిపే ఒత్తిడి నిల్వ ఉండే అక్యుమ్యులేటర్ 3,000 పీఎస్ఐ చూపిస్తోందా? ఇవన్నీ చెక్‌లిస్టులో ఉంటాయి, టిక్కులు కూడా పెడతారు. కానీ సేఫ్టీ వాల్వ్ తాళం టూల్‌బాక్స్ అడుగున గ్రీజు గుడ్డల కింద దొరికిన రోజు నాకు తెలుసు. టిక్కు మాత్రం ఉంది. మీ చేత్తో పట్టుకుని చూడనిదానికి టిక్కు పెట్టకండి.

ఇక ట్రిప్ షీట్, అంటే గొట్టాలు తీస్తుంటే బావిలోకి ఎంత మడ్ పోయిందో రాసే కాగితం. నా మాట ఒక్కటే వినగలిగితే ఇది వినండి.

5 అంగుళాల డ్రిల్ పైపు 5 స్టాండ్లు తీస్తే, బయటికొచ్చిన ఉక్కు స్థానంలో బావి సుమారు మూడున్నర బ్యారెళ్ల మడ్ తాగాలి. తాగాలి అనే మేం అంటాం. పైపు లోపలి మడ్ కూడా దిగకుండా పైకే వస్తుంటే, ఆ లెక్క పదకొండు బ్యారెళ్లు దాటుతుంది. ప్రతి 5 స్టాండ్లకీ తాగాల్సింది ఒక గడిలో, తాగింది పక్క గడిలో రాయాలి. బావి తక్కువ తాగిందంటే మిగిలిన చోటు ఇంకేదో నింపింది. అది గ్యాసే అనుకోవాలి, కాదని రుజువయ్యేదాకా.

నేను అసిస్టెంట్ డ్రిల్లర్‌గా ఉన్నప్పటి మాట. శీతాకాలం, రాత్రి డ్యూటీ. మంచుకి డెరిక్ మీద లైట్లు కూడా మసకగా ఉన్నాయి. మొదటి 5 స్టాండ్లకి బావి మూడు తాగింది. తర్వాత రెండున్నర. తర్వాత రెండు. ఫ్లోట్ పట్టేసి ఉంటుందిలే అన్నాడు పక్కనున్నతను. నాకూ అలాగే అనిపించింది. కాదు, అలా అనుకోవడం సుఖంగా అనిపించింది. మా డ్రిల్లర్ రాజోలు వైపు పెద్దాయన. షీటు చేతిలోకి తీసుకుని, "ఎంత తాగాల్రా?" అన్నాడు.

"మూడున్నర, బాబాయ్."

"ఎంత తాగింది?"

"రెండు."

ఆయన బ్రేక్ వేశాడు. ఫ్లో చెక్ చేశాం. టార్చి వేసి ఫ్లో లైన్‌లోకి చూశాను, చుక్క కదల్లేదు. కంపెనీ తరఫు మనిషి టైమ్ వేస్ట్ అని గొణిగాడు. బాబాయ్ మాత్రం, "పారట్లేదంటే రాలేదని కాదురా. ఇంకా కిందే ఉంది" అని, మళ్లీ అడుగుదాకా దించమన్నాడు. దించి, మడ్ తిప్పాం. అడుగు మడ్ పైకొచ్చే వేళకి బావి మూసి, ఒత్తిడిని అదుపు చేసే చోక్ అనే వాల్వ్ మీదుగా పంపాం. రాతి ముక్కలు జల్లించే షేకర్ మీదకి వచ్చిన మడ్ చిలికిన మజ్జిగలా నురగలు కక్కుతోంది. తూకం వేస్తే బరువు పడిపోయింది. ఆ రోజు ఇంకో ఇరవై స్టాండ్లు తీసి ఉంటే ఆ గ్యాస్ పైకి దూసుకొచ్చేది, దాని కింద మడ్ పంపడానికి మా దగ్గర గొట్టం ఉండేది కాదు. ఫ్లో చెక్‌లో పారకపోవడం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండొద్దని చెప్పడం అందుకే. బావి తక్కువ తాగిందని షీటు చెప్పి, పారట్లేదని ఫ్లో చెక్ చెబితే షీటునే నమ్మండి.

చివర్లో వచ్చే డ్రిల్ కాలర్లనే బరువైన లావు గొట్టాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. 8 అంగుళాల కాలర్ ఒక్క స్టాండే 5 బ్యారెళ్లు తాగుతుంది, అంటే 5 స్టాండ్ల పైపు కంటే ఎక్కువ. ఒక్క స్టాండ్‌కి నింపడం మర్చిపోయినా మట్టం గబగబా దిగుతుంది. పైగా 5 అంగుళాల పైపు కోసం బీఓపీలో పెట్టిన ర్యామ్ (పైపు చుట్టూ బిగుసుకునే దవడ) 8 అంగుళాల కాలర్‌ని పట్టదు. కాలర్ మరకి సేఫ్టీ వాల్వ్ సరిపోదు, మధ్యలో క్రాస్‌ఓవర్ అనే జోడింపు ముక్క కావాలి. కాలర్లు బీఓపీలోకి రాకముందే ఆగి, ఇంకోసారి ఫ్లో చెక్ చేసి, క్రాస్‌ఓవర్ వాల్వ్‌కి బిగించి పెట్టుకోండి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కిక్ వచ్చిందనుకోండి, అంటే గ్యాస్ బావిలోకి తోసుకొచ్చిందనుకోండి. టూల్ జాయింట్ (పైపు అతుకు) చేతికి అందే ఎత్తులో ఉండేలా, పైపుని పట్టి నిలిపే స్లిప్పులు వేయాలి. సేఫ్టీ వాల్వ్‌ని తెరిచే ఉంచి పైపుకి బిగించాలి, బిగించాకే మూయాలి. మూసిన వాల్వ్‌ని ఎగజిమ్ముతున్న పైపు మీద పెట్టబోతే మనిషిని విసిరేస్తుంది. తర్వాత బీఓపీలో పైపు చుట్టూ మూసుకునే యాన్యులర్ మూసి, చోక్ వైపు వాల్వ్ తెరిచి, రెండు వైపులా ఒత్తిడి, పిట్‌లో పెరిగిన మడ్ ఎంతో రాసుకోవాలి. చోక్ మూసే ఉండాలని ముందే చూసుకుని ఉండాలి. మీ రిగ్గు పద్ధతిలో చిన్న తేడాలుండొచ్చు. మీది ఏదైతే దాన్నే డ్రిల్లు అనే సాధనలో చేతులకి అలవాటు చేయండి. రాత్రి రెండింటికి డ్రిల్లు పెట్టినందుకు తిట్టుకునే కుర్రాళ్లే, అవసరం వచ్చిన రాత్రి చేతులు వాటంతటవే కదిలాయని తర్వాత చెబుతారు.

బావి మూయడానికి డ్రిల్లర్ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఇది ప్రతి రిగ్గు మీదా రాసి ఉంటుంది. కానీ మన మొహమాటం రాసిన దానికంటే బలమైంది. రిగ్గు పెద్ద టూల్ పుషర్ ఇప్పుడే పడుకున్నారు, లేపితే ఏమంటారో. మూశాక ఏమీ లేదని తేలితే నవ్వుతారేమో. ఈ ఆలోచనలో పోయే రెండు నిమిషాల్లో లోపలికొచ్చే గ్యాసే తర్వాత మీ చోక్ మీద ఒత్తిడై కూర్చుంటుంది. ఉత్తినే మూసిన డ్రిల్లర్‌ని మా బాబాయ్ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. "పుణ్యం కట్టుకున్నావు" అనేవాడు.

మొహమాటం మనకి మాత్రమే ఉన్న జబ్బు కాదు. మెక్సికో గల్ఫ్‌లో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద తవ్వకం అయిపోయింది. బావికి సిమెంటు వేశారు. అది పట్టిందో లేదో తెలుసుకోవడానికి ఒత్తిడి తగ్గించి పరీక్ష చేశారు. డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్ఐ చూపించింది, బావిలోకి మడ్ పంపే పక్క గొట్టం కిల్ లైన్ మీద సున్నా. రెండూ ఒకే బావికి తగిలించినవి, రెండూ ఒకేలా ఉండాలి. 1,400 ఎందుకొచ్చిందో ఎవరో ఒక కారణం చెప్పారు, మిగతావాళ్లు సరేనన్నారు. బరువైన మడ్ తీసేసి సముద్రపు నీళ్లు నింపుతూ పోయారు. ఆ రాత్రి 11 మంది చనిపోయారు. నూనె 87 రోజులు సముద్రంలోకి కారింది. అడుగున బీఓపీ ఉంది, కానీ లోపల వంగిపోయిన పైపుని అది సరిగ్గా కోయలేకపోయింది. రెండు గేజీలు రెండు మాటలు చెబితే, మీకు నచ్చిన గేజీని నమ్మొద్దు. పని ఆపి, ఎందుకో తేల్చండి.

పాత బావి బాగుచేసే వర్క్‌ఓవర్ పనికి వెళ్తున్నవాళ్లకి అస్సాంలోని బాఘ్‌జాన్ గుర్తు చేస్తాను. 2020 మే 27న ఆయిల్ ఇండియా వారి ఆ బావిలో వర్క్‌ఓవర్ జరుగుతోంది. లోపల సిమెంటు ప్లగ్ వేసి, పైన బీఓపీ విప్పే దశలో గ్యాస్ తన్నుకొచ్చింది. జూన్ 9న అంటుకుంది, అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు చనిపోయారు. నవంబరు 15కి గానీ పూర్తిగా అదుపులోకి రాలేదు. చుట్టూ ఊళ్లు ఖాళీ అయ్యాయి, పక్కనున్న మాగురి బీల్ అనే చిత్తడి సరస్సు పాడైంది. సిమెంటు వేసినంత మాత్రాన అడ్డు ఏర్పడినట్టు కాదు. అది గట్టిపడాలి, దాని మీద బరువు పెట్టి, ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. పైన కప్పులో పోసిన సిమెంటు గట్టిపడిందని కింద వేడిలో ఉన్నదీ అలాగే ఉంటుందని అనుకోకండి. బీఓపీ విప్పే ముందు, పరీక్షకి నిలబడిన అడ్డులు బావిలో రెండున్నాయా అని పైకే అడగండి. జవాబు 'ఉండాలి' అని వస్తే విప్పొద్దు. 'ఉన్నాయి, ఇదిగో చార్టు' అని రావాలి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడి చాలా బావుల్లో హెచ్‌టూఎస్ అనే విషవాయువు ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్ల వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల్లో 100 వంతులు) దగ్గరికొచ్చేసరికి ముక్కు ఆ వాసనే పట్టలేదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, మాస్కు తీయొద్దు.

రిగ్గు పక్క ఊళ్లలో ఉండే మనవాళ్లకి కూడా చెప్పండి. హోరు వినబడి, ఆకుల మీద నూనె తుంపర పడుతుంటే బండి స్టార్ట్ చేయొద్దు, పొయ్యి వెలిగించొద్దు, వీడియో తీద్దామని దగ్గరికి పోవద్దు. గాలి ఎటు వీస్తుందో కొబ్బరాకులు చూసి, గాలికి అడ్డంగా పక్కకి జరిగి దూరంగా వెళ్లాలి. మన తీరంలో సాధారణంగా పగలు సముద్రం మీంచి వీచే గాలి రాత్రికి తిరగబడుతుంది. పొద్దున సురక్షితమైన వీధి రాత్రికీ అలాగే ఉంటుందని అనుకోవద్దు. పశువుల కట్లు విప్పేయండి.

ఇక గొట్టాలన్నీ బయటికొచ్చేశాక. బిట్ ఫ్లోర్ మీద పడుకుని ఉంటుంది, అందరూ దాని పళ్లు చూడ్డానికి మూగుతారు. ఆ క్షణాన బావిలో గొట్టం లేదు, కిక్ వస్తే కిందికి మడ్ పంపే దారి లేదు. అప్పుడు కూడా ట్రిప్ ట్యాంక్ తిరుగుతూనే ఉండాలి, దాని ముందు ఒక మనిషి ఉండాలి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే గొట్టం లేని బావిని మూసే బ్లైండ్ ర్యామ్ మూసి, చోక్ వైపు గేజీని కనిపెట్టి ఉండాలి. డ్యూటీ మారుతుంటే ట్రిప్ షీటు చేతికిచ్చి, చివరి అంకె నోటితో చెప్పి, అవతలివాడు దాన్ని తిరిగి చెప్పాకే మెట్లు దిగండి.