ఎర్రర్ రాలేదు, డేటా మాత్రం సగమే చేరింది: డేటాబేస్ డీఫాల్ట్‌లతో వచ్చే చిక్కులు

సమస్య: సేవ్ అయిందంటుంది, తెరిచి చూస్తే విలువ మారిపోయి ఉంటుంది

పొడవైన చిరునామా సరిగ్గా 100వ అక్షరం దగ్గర తెగిపోయింది. ఒక కాలమ్‌లో సంబంధం లేని రికార్డులన్నిటికీ 2147483647 అనే ఒకే సంఖ్య ఉంది. తేదీ ఉండాల్సిన చోట 0000-00-00 ఉంది. ఎమోజీ పెట్టిన చోటు నుంచి మిగతా వాక్యమంతా మాయమైంది. ఇంత జరిగినా లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు.

కారణం: మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 5.6 వెర్షన్ వరకు సర్వర్ డీఫాల్ట్ (మనం మార్చకపోతే ఉండే సెట్టింగ్) ఉదారమైనది. కాలమ్‌లో పట్టని విలువ వస్తే తిప్పి పంపకుండా, పట్టినంత వరకు కత్తిరించి దాచుకుని, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్‌ను అడిగి తెలుసుకునే యాప్‌లు తక్కువ. 2147483647 అనేది ఇంట్ కాలమ్‌కు గరిష్ఠ పరిమితి. అంతకన్నా పెద్ద సంఖ్య ఏది వచ్చినా అక్కడికే కుదించేస్తుంది. ఇక ఎమోజీకి 4 బైట్లు కావాలి, యూటీఎఫ్8 అని పిలిచే పాత క్యారెక్టర్ సెట్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) ఒక్కో అక్షరానికి 3 బైట్లే పడతాయి.

పరిష్కారం: ముందు నష్టం ఎంతో లెక్క తేల్చండి. పొడవు కాలమ్ పరిమితికి అచ్చంగా సమానంగా ఉన్న వరుసలు, గరిష్ఠ విలువ దగ్గర ఆగిన సంఖ్యలు, సున్నా తేదీలు ఎన్ని ఉన్నాయో వెతకండి. వాటిలో కొన్ని నిజమైన విలువలే కావచ్చు, కాబట్టి ఒక్కొక్కటీ చూడాల్సిందే. తెగిపోయిన భాగం డేటాబేస్‌లో ఎక్కడా మిగలదు. యాప్ లాగ్‌లలోనో, డేటా మొదట వచ్చిన ఫైళ్లలోనో దొరికితేనే దక్కినట్టు. ఆ తర్వాత స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను కత్తిరించకుండా ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపే సెట్టింగ్) ఆన్ చేసి, క్యారెక్టర్ సెట్‌ను 4 బైట్ల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చండి.

సమస్య: అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి ఎర్రర్లే ఎర్రర్లు

ఎర్రర్ 1406 (కాలమ్‌కు మించిన పొడవు), 1264 (పరిమితి దాటిన సంఖ్య), 1364 (విలువ ఇవ్వలేదు, డీఫాల్ట్ కూడా లేదు) వరసగా వస్తాయి.

కారణం: 2015లో విడుదలైన మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడే డీఫాల్ట్. కొత్త వెర్షన్ ఏదీ చెడగొట్టలేదు. ఇన్నాళ్లూ లోలోపల జరిగిన తప్పు ఇప్పుడు బయటపడింది.

పరిష్కారం: స్ట్రిక్ట్ మోడ్ ఉండే ఎస్‌క్యూఎల్ మోడ్ అనే సెట్టింగ్‌ను ఖాళీ చేసేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్లు ఆగుతాయి, కత్తిరింపు మళ్లీ మొదలవుతుంది. 1406 వస్తే కాలమ్ పెంచండి, లేదా యాప్‌లోనే పొడవు తనిఖీ పెట్టండి. 1364 వస్తే ఆ కాలమ్‌కు నిజంగా విలువ తప్పనిసరా కాదా అన్నది తేల్చి, కాకపోతే నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) అనుమతించండి. సున్నా తేదీలున్న పాత టేబుల్‌ను ఆల్టర్ చేయడానికి స్ట్రిక్ట్ మోడ్ అడ్డుపడితే, ఒక్క ఆ సెషన్‌లో (సర్వర్‌తో ఆ ఒక్క కనెక్షన్‌లో) మాత్రమే మోడ్ సడలించి, కాలమ్‌కు నల్ అనుమతించి, సున్నా తేదీలన్నిటినీ నల్ చేసి, సెషన్ మూసేయండి. సర్వర్ మొత్తానికి సడలిస్తే దాన్ని తిరిగి బిగించే రోజు రాదు.

సమస్య: యాప్‌లో ఎర్రర్, కమాండ్ లైన్‌లో అదే ఇన్సర్ట్ పనిచేస్తుంది

మోడ్ సెషన్‌ను బట్టి మారుతుంది. మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవర్ తన సెషన్‌లో స్ట్రిక్ట్ మోడ్‌ను తనే ఆన్ చేసుకుంటుంది. మోడ్‌కు గ్లోబల్ (సర్వర్ మొత్తానికి ఉన్న), సెషన్ విలువలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

సమస్య: ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్‌లో తల్లి రికార్డు పోయినా పిల్ల రికార్డులు మిగిలాయి

కారణం: ఫారిన్ కీ తనిఖీ (పిల్ల రికార్డుకు తల్లి రికార్డు ఉందో లేదో చూడటం) 2009లో 3.6.19 వెర్షన్‌తో వచ్చింది. పాత యాప్‌లు ఆగిపోకూడదని డీఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంచారు, ఇప్పటికీ అంతే. ఇదే ఉదారత వల్ల, ఇంటీజర్ (పూర్ణసంఖ్య) అని రాసిన కాలమ్‌లో మామూలు పదాలు కూడా చేరిపోతాయి.

పరిష్కారం: ఫారిన్ కీస్ ప్రాగ్మాను (ఎస్‌క్యూలైట్ సెట్టింగ్ కమాండ్‌ను) ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేయాలి, ఒకసారి చేస్తే చాలదు. కాలమ్‌లో తప్పు రకం విలువ చేరకుండా, 2021లో వచ్చిన 3.37 నుంచి టేబుల్ సృష్టించేటప్పుడే స్ట్రిక్ట్ అని చేర్చవచ్చు.

సొంతంగా లైబ్రరీ రాసేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. కఠినంగా మొదలుపెట్టి తర్వాత సడలిస్తే ఎవరి ప్రోగ్రామూ ఆగదు. ఉదారంగా మొదలుపెడితే బిగించిన రోజున అందరివీ ఆగుతాయి, లేదా ఎస్‌క్యూలైట్‌లా ఎప్పటికీ బిగించలేరు. అందుకే నా ఓటు కఠినమైన డీఫాల్ట్‌కే. కాకపోతే ఎర్రర్‌లో ఏ కాలమ్, ఎంత పరిమితి, ఎంత వచ్చింది, అవసరమైతే ఎక్కడ సడలించాలి అన్నవన్నీ ఉండాలి. ఆ వివరాలు లేకపోతే విసిగిపోయి మొత్తం ఆపేస్తారు, ఆ తప్పు వాళ్లది కాదు. బయటి ఫైళ్లను మొదట దించుకునే తాత్కాలిక టేబుల్‌కు మాత్రం ఉదారతే సరైనది. అక్కడ కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గా ఉంచి, అసలు టేబుల్‌లోకి పంపేటప్పుడు తనిఖీ చేయండి.

సమస్య: మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లోనే ఉంది, అయినా డేటా తెగుతోంది

కోడ్‌లో ఇన్సర్ట్ ఇగ్నోర్ అనే కమాండ్ కోసం వెతకండి. స్ట్రిక్ట్ మోడ్‌లో కూడా అది ఎర్రర్లను వార్నింగ్‌లుగా మార్చేస్తుంది. ఫైల్ నుంచి డేటా ఎక్కించే లోడ్ డేటా లోకల్ కూడా అంతే. రెండూ లేకపోతే టేబుల్ మైఐఎస్ఏఎమ్ అనే పాత స్టోరేజ్ ఇంజిన్‌పై (టేబుల్‌ను దాచే భాగంపై) ఉందేమో చూడండి: ఒకే ఇన్సర్ట్‌లో చాలా వరుసలు పంపినప్పుడు, తప్పు విలువ రెండో వరుసలోనో ఆ తర్వాతో వస్తే, మామూలు స్ట్రిక్ట్ మోడ్ దాన్ని సర్దుబాటు చేసి దాచేస్తుంది. టేబుల్‌ను ఇన్నోడీబీ ఇంజిన్‌కు మారిస్తే ఆ ఇన్సర్ట్ మొత్తం ఎర్రర్‌తో రద్దవుతుంది.