కారు వేడెక్కుతోందా? పార్టు మార్చేముందు ఇవి చూడండి

ఎండాకాలంలో కారు వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే ముందుగా వినపడే మాట "రేడియేటర్ పోయింది సార్". నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ అంతకంటే ముందు చూడాల్సిన చవక వస్తువులు చాలా ఉన్నాయి: రేడియేటర్ మూత, ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్చు), హోస్ పైపు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని, అంటే చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వదిలే వాల్వ్). వీటిని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. ఏది మార్చాలో తేలాలంటే బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనించాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద వేగంగా పోతున్నప్పుడా, స్టార్ట్ చేసిన కాసేపటికేనా? సగం జవాబు అందులోనే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ప్రెషర్ మీద ఉన్న కూలెంట్ ఒక్కసారిగా చిమ్మి మొహం, చేతులు కాలుతాయి. రాత్రంతా ఆపి ఉంచిన బండి మీద పొద్దున్నే పని చేయడం మేలు. రెండోది, పార్టులు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

సిగ్నల్ దగ్గర వేడెక్కుతుంది, కదిలితే తగ్గుతుంది

ఇది దాదాపుగా ఫ్యాన్ సమస్యే. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఇంకో గుర్తు కూడా ఉంది: ట్రాఫిక్‌లో ఏసీ గాలి గోరువెచ్చగా వచ్చి, కదలగానే మళ్లీ చల్లబడుతుంటే అనుమానం అక్కర్లేదు. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌ ముందే ఉంటుంది, దానికీ ఫ్యాన్ గాలే దిక్కు.

పరీక్ష తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే బానెట్ కింద ఉన్న ఫ్యూజు బాక్సు మూత తీసి, లోపలి బొమ్మ చూసి ఫ్యాన్ ఫ్యూజు, రిలే ఎక్కడున్నాయో వెతకండి. ఫ్యూజు కాలి ఉంటే అదే ఆంపియర్లది వేయండి, పెద్దది వేస్తే వైరింగ్ కాలుతుంది. రిలే అనుమానంగా ఉంటే అదే బాక్సులో ఉన్న అదే నంబరు హారన్ రిలేతో మార్చి చూడొచ్చు. రెండూ బాగుంటే ఫ్యాన్ మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడూ తిరగకపోతే మోటారు పోయినట్టే. తిరిగితే తప్పు సెన్సరులోనో, వైరింగ్‌లోనో ఉంది.

కూలెంట్ తగ్గుతోంది, కింద మరక మాత్రం లేదు

ముందు మూత చూడండి. సిస్టమ్‌లో ప్రెషర్ నిలిపేది అదే. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపి మంచి మూత బిగిస్తే 120 డిగ్రీలు దాటినా మరగదు. మూత రబ్బరు గట్టిపడినా, స్ప్రింగ్ బలం తగ్గినా ఆ లాభం పోతుంది, ఆవిరి బయటికి పోతూ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక పై హోస్ లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే కూడా తప్పు ఎక్కువగా మూతదే, దాని లోపలి చిన్న వాల్వ్ గాలిని వెనక్కి రానివ్వడం లేదు. మూత మీద 0.9, 1.1 లాంటి అంకె ఉంటుంది. కొత్తది కూడా అదే అంకెది కొనండి.

మూత మార్చినా తగ్గుతుంటే కారు లోపల ముందు సీటు కింది కార్పెట్ తడిమి చూడండి. తడిగా, జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. దాని కోసం డ్యాష్‌బోర్డు విప్పాలి, ఇంటి పని కాదు. ఆయిల్ డిప్‌స్టిక్‌కి మీగడలా తెల్లటి పదార్థం అంటుకున్నా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోయినా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపకుండా టో చేయించుకోవడమే మంచిది.

హోస్ పైపు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు రెండు చివరలూ నొక్కి చూడండి. లోపల ఏదో చిట్లుతున్నట్టు చప్పుడు వచ్చినా, క్లిప్పు పక్కన ఉబ్బినా, మరీ మెత్తబడినా మార్చాలి. పాత పైపు రాకపోతే బలంగా గుంజకండి. రేడియేటర్ రెండు చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్‌వి, ఏళ్ల వేడికి పెళుసుబారి పైపు ఎక్కే మెడ విరిగిపోతుంది. ముందు పైపును తిప్పి కదిలించండి, అప్పటికీ రాకపోతే బ్లేడుతో పొడవునా చీల్చి తీయండి, మెడ మీద గీత పడకుండా చూసుకోండి. కొత్త పైపు లోపల కాస్త కూలెంట్ రాస్తే సులువుగా ఎక్కుతుంది. మెడ చివర ఉన్న గట్టు దాటి క్లిప్పు కూర్చోవాలి. కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు బాగుంటే అదే వాడండి. స్క్రూ క్లాంపు అతిగా బిగిస్తే రబ్బరు కోసుకుపోతుంది.

లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు పోయడం డ్రైవర్ల పాత చిట్కా. దారి మధ్యలో బండి ఆగిపోతే ఒప్పుకుంటాను. ఇంట్లో కూర్చుని మాత్రం ఆ పని చేయకండి, అదంతా హీటర్ కోర్ సన్నటి దారుల్లో పేరుకుంటుంది.

స్టార్ట్ చేసిన కాసేపటికే వేడి, లేదా ఎంతసేపటికీ వేడెక్కదు

రెండూ థర్మోస్టాట్ పనులే. మూసుకుని బిగుసుకుపోతే కాసేపటికే ఎర్ర లైటు వస్తుంది, అప్పటికి రేడియేటర్ చల్లగానే ఉంటుంది. తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, నీలం లైటు చాలాసేపు ఆరదు, మైలేజీ పడిపోతుంది. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేద్దాం" అనే మెకానిక్‌లు చాలామందే ఉన్నారు. ఒప్పుకోకండి. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా తిరిగితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని (కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరిగే దారిని) థర్మోస్టాటే మూయాలి. తీసేస్తే కూలెంట్ రేడియేటర్‌కి సరిగ్గా పోక ఇంకా వేడెక్కుతుంది.

మార్చడం కష్టమేమీ కాదు. రేడియేటర్ కింది ప్లగ్ వదులు చేసి, థర్మోస్టాట్ మట్టం కిందికి వచ్చేదాకా కూలెంట్‌ని శుభ్రమైన బకెట్టులోకి దించండి. పెద్ద హోస్ ఇంజిన్‌ని కలిసే చోట ఉన్న చిన్న హౌసింగ్‌లో థర్మోస్టాట్ ఉంటుంది, రెండు మూడు బోల్టులు విప్పితే బయటికొస్తుంది. అనుమానం ఉంటే వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి మరిగించండి. దాని మీద 82, 88 లాంటి అంకె ముద్రించి ఉంటుంది, ఆ వేడి దగ్గర అది తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు తెర్లుతున్నా కదలకపోతే పారేయడమే. కొత్తది పెట్టేటప్పుడు స్ప్రింగ్ ఇంజిన్ వైపు, చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండాలి. పాత గాస్కెట్‌ని ప్లాస్టిక్ ముక్కతో గీకండి, స్క్రూడ్రైవర్ వద్దు. బోల్టులు అల్యూమినియంలోకి దిగుతాయి, బలం చూపిస్తే మరలు పోతాయి.

హైవే మీద, ఘాట్ రోడ్డు మీద మాత్రమే వేడెక్కుతుంది

అసలు రేడియేటర్‌ని అనుమానించాల్సింది ఇక్కడే. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నాయేమో చూసి, ఇంజిన్ వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగిపోతాయి. బయట శుభ్రంగా ఉన్నా వేడెక్కుతుంటే లోపల మూసుకుపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇది మామూలే. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పెచ్చులే ఇక్కడా పడతాయి. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు పోయకండి. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి కూలెంట్ కారిన చార కనిపిస్తే పంపు మార్చాలి. అది టైమింగ్ బెల్టుతో తిరిగే రకమైతే షెడ్డుకే ఇవ్వండి.

తిరిగి నింపడం

చాలామంది తొందరపడేది ఇక్కడే. లోపల గాలి ఉండిపోతే కొత్త పార్టు వేసినా బండి వేడెక్కుతుంది. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా బండి నిలిపి, బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, హీటర్‌ని ఫుల్ వేడికి తిప్పి, మూత తీసి నెమ్మదిగా పోయండి. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, బుడగలు వస్తుంటే మట్టం నింపుతూ ఉండండి. కూలెంట్ పైకి పొంగడం మొదలైతే వెంటనే మూత బిగించేయండి. ఆ తర్వాత ఫ్యాన్ ఆన్ అయి ఆగేదాకా ఇంజిన్ తిరగనివ్వండి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడండి, కాస్త తగ్గి ఉంటుంది. కూలెంట్‌ని రంగు చూసి కొనకండి, మాన్యువల్‌లో ఏ రకం అని ఉంటే అదే పోయాలి.

తీసిన పాత కూలెంట్ మురుగులో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతిని చచ్చిపోతాయి. మూతున్న క్యాన్‌లో పోసి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.