చేతిలో రెండు మూడు లక్షలే ఉన్నాయా? రియల్ ఎస్టేట్‌లో ఇలా మొదలుపెట్టండి

"రెండు లక్షలు కట్టండి చాలు, మిగతాది వాయిదాల్లో కట్టుకోండి, ఐదేళ్లలో రెట్టింపు గ్యారంటీ" అనే ఫోన్లు ఈమధ్య అందరికీ వస్తున్నాయి. ఆ ఫోన్ ఎత్తే ముందు ఒక సంగతి గట్టిగా అనుకోండి. కోటి రూపాయలున్న మనిషి పది లక్షల ప్లాటు కోర్టులో ఇరుక్కున్నా తట్టుకుంటాడు, నెలనెలా పది వేలు మిగిల్చి కూడబెట్టిన మీరు తట్టుకోలేరు. అందుకే తక్కువ డబ్బుతో దిగేవాళ్లు ధర కన్నా ముందు కాగితాలు చూడాలి. కింద రాసిన ప్రతి అడుగూ ఆ లెక్కతోనే రాశాను.

మొదటి అడుగు: ఉన్న డబ్బులో నిజంగా ఎంత పెట్టగలరు?

ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక హెల్త్ ఇన్సూరెన్స్, ఇవి పక్కన పెట్టాక మిగిలిందే పెట్టుబడి డబ్బు. భూమిని అవసరానికి అప్పటికప్పుడు అమ్మలేం, అర్జెంటుగా అమ్మితే కొనేవాడు అడిగిందే ధర. ఇక అప్పు చేసి కొనడం గురించి: రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం పడుతుంది, ఏటా అంతకన్నా వేగంగా పెరిగే ప్లాటు దొరుకుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. బంగారం తాకట్టు పెట్టి ప్లాటు కొనడం కూడా వద్దు. ఇంట్లో చెప్పకుండా అయితే అసలే వద్దు.

రెండో అడుగు: వేలల్లోనే ఉంటే రీట్స్‌తో మొదలుపెట్టండి

చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు, నాకైతే చిన్న మొత్తానికి ఇదే సరైన ద్వారం అనిపిస్తుంది. రీట్ అంటే పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు, మాల్స్ ఒక ట్రస్టు కింద ఉంటాయి, ఆ ట్రస్టు యూనిట్లు షేర్లలాగే స్టాక్ మార్కెట్లో దొరుకుతాయి. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దీనికి 2014లో నిబంధనలు తెచ్చింది, మన దేశంలో మొదటిది ఎంబసీ ఆఫీస్ పార్క్స్, 2019లో లిస్టయింది. తర్వాత మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్, నెక్సస్ సెలెక్ట్ వచ్చాయి. మాదాపూర్‌లో రోజూ చూసే మైండ్‌స్పేస్ ఆఫీసులు, కూకట్‌పల్లిలోని నెక్సస్ మాల్ కూడా వీటి కిందే ఉన్నాయి.

ఒకప్పుడు వీటిలో కనీసం రెండు లక్షలు పెట్టాల్సి వచ్చేది, 2021 నుంచి ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. ధర సాధారణంగా కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది. ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి అద్దె వచ్చేవే ఉండాలి, పంచడానికి వీలున్న నగదులో కనీసం 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకు పంచాలి. ఇది నిబంధన, కంపెనీ దయ కాదు. డీమ్యాట్ ఖాతా (షేర్లు, యూనిట్లు దాచుకునే ఖాతా) తెరిచి నెలకు రెండు వేలో మూడు వేలో పెడుతూ పోతే చాలు. యూనిట్ ధర పడే రోజులూ ఉంటాయి, ఆఫీసులు ఖాళీ అయితే వచ్చే ఆదాయమూ తగ్గుతుంది, ఆ మాట కూడా గుర్తుంచుకోండి. కానీ కబ్జా భయం లేదు, అమ్మాలంటే రెండు మూడు రోజుల్లో డబ్బు బ్యాంకులో పడుతుంది.

స్మాల్ అండ్ మీడియం రీట్స్ అని 2024లో ఇంకో రకం వచ్చింది. వాటిలో కనీస పెట్టుబడి పది లక్షలు, కాబట్టి ఇప్పటికి వదిలేయండి.

మూడో అడుగు: ప్లాటుకు డబ్బు కూడబెట్టడం

మనవాళ్లు చాలామంది చిట్టీ ఎత్తి ప్లాటు కొంటారు. మంచి అలవాటే, కాకపోతే ఆ చిట్టీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ గ్రూపు నంబరు, రిజిస్ట్రేషన్ కాగితం అడిగి చూడండి. తెలిసినావిడ నడిపే చిట్టీలో ఐదు వేలు పది వేలు పోతే ఎలాగో సర్దుకుంటారేమో, ప్లాటు డబ్బు మాత్రం అక్కడ పెట్టకండి.

అన్నదమ్ములో, స్నేహితులో కలిసి కొనడం ఇంకో దారి. అప్పుడు అందరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో, రిజిస్టర్డ్ డాక్యుమెంటులోనే ఉండాలి. "పేరు బావ మీద పెడదాం, మనకు నోటిమాట ఉంది కదా" అనుకున్న దగ్గరే చుట్టరికాలు చెడుతున్నాయి. మధ్యలో ఒకరు తప్పుకుంటే వాళ్ల వాటా ఏ ధరకు కొనాలో కూడా ముందే రాసుకోండి.

లోన్ తీసుకుని ఫ్లాట్ కొని అద్దెకిద్దామా అంటే, లెక్క చూడండి. 30 లక్షల ఫ్లాట్‌కు రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 90 శాతం దాకా లోన్ ఇవ్వొచ్చు, చాలా బ్యాంకులు అంతా ఇవ్వవు. ఇచ్చాయనే అనుకుందాం. మూడు లక్షలు మీవి, రిజిస్ట్రేషన్‌కు రెండు లక్షలకు పైనే, 27 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ నెలకు దాదాపు 23,400. ఆ ఫ్లాటుకు అద్దె తొమ్మిది పది వేలు వస్తే, మిగతా పదమూడు పద్నాలుగు వేలు నెలనెలా మీ జేబులోంచే. ఉండటానికి ఇల్లు కావాలంటే అది వేరే సంగతి, పెట్టుబడిగా మాత్రం మొదటి కొనుగోలుకు ఇది బరువే.

నాలుగో అడుగు: ఎక్కడ కొనాలి?

ఆదివారం బండి మీద వెళ్లి చూసి రాగలిగిన చోట. ఇప్పటికే ఇళ్లు కట్టుకుని మనుషులుంటున్న కాలనీకి ఆనుకుని, మీ టౌన్‌లోనో పక్క మండల కేంద్రంలోనో, వంద నూట ఇరవై గజాలు దొరికితే చాలు. "ఇక్కడికి రింగ్ రోడ్డు వస్తుంది, అక్కడికి ఎయిర్‌పోర్టు వస్తుంది" అనే చోట ఆ రాబోయే రోడ్డు ధర కూడా కలిపే మీకు అమ్ముతారు.

అమరావతిని చూడండి. రాజధాని ప్రకటించాక ధరలు ఎగిశాయి, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లే లేకుండా పోయారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. నాలుగున్నరేళ్లు ఓపిక పట్టగలిగినవాళ్లు నిలబడ్డారు, పిల్ల పెళ్లి కోసమో ఫీజుల కోసమో మధ్యలో అమ్మాల్సి వచ్చినవాళ్లు నష్టపోయారు. ఒక్క ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడ్డ ధర చిన్న పెట్టుబడికి పనికిరాదు.

ఐదో అడుగు: కాగితాలు

ఇక్కడ తొందరపడకండి, రెండు నెలలు పట్టినా పట్టనివ్వండి. బయానా ఇవ్వకముందే ఇవన్నీ చూడాలి, ఇచ్చాక కాదు.

ముందు లేఅవుట్ అనుమతి. తెలంగాణలో హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ), ఆంధ్రలో ప్రాంతాన్ని బట్టి సీఆర్‌డీఏ (అమరావతి వైపు), వీఎంఆర్‌డీఏ (విశాఖ వైపు) లాంటి సంస్థలు లేదా డీటీసీపీ ఇస్తాయి. ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) అడిగి, ఆఫీసులో అది నిజమో కాదో కనుక్కోండి. బ్రోచర్‌లో నంబరుంటే సరిపోదు. తాత్కాలిక అనుమతా, తుది అనుమతా అన్నది కూడా అడగండి. తెలంగాణలో రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తాడన్న పూచీగా లేఅవుట్ వేసినవాడు 15 శాతం ప్లాట్లను ప్రభుత్వ సంస్థకు మార్ట్‌గేజ్ (తాకట్టు) చేస్తాడు. ఆ ప్లాట్లు విడుదల కాకముందే కాస్త తక్కువ ధరకు అంటగట్టే వాళ్లుంటారు. మీ ప్లాటు నంబరు ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి.

తర్వాత చూడాల్సింది రెరా నంబరు. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయినా, ఎనిమిది యూనిట్లు దాటిన అపార్ట్‌మెంట్ అయినా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. అంటే ప్రీలాంచ్ పేరుతో "ఇప్పుడే మొత్తం కడితే సగం ధర" అనే ఆఫర్లు చట్టానికి విరుద్ధం. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) పేరిట డబ్బు కట్టి, ఏళ్ల తరబడి డబ్బూ రాక, ఫ్లాటూ రాక తిరుగుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి, అందులో రిటైరైనవాళ్లు, చిన్న ఉద్యోగులు కూడా ఉన్నారు. దయచేసి ఆ వైపు వెళ్లకండి. రెరా ఉన్న ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడగకూడదు.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషన్ శాఖ కాగితం. పదమూడేళ్లది కాదు, ముప్పై ఏళ్లది తీయండి. 1983 తర్వాతిది రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఈసీలో కనిపించే ప్రతి అమ్మకానికీ లింక్ డాక్యుమెంట్ (పాత అమ్మకపు పత్రం) ఉండాలి, పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు ఒకదానితో ఒకటి కలవాలి. లేఅవుట్ అయ్యే ముందు ఆ పొలం ఎవరిదో తెలంగాణలో భూభారతి సైట్‌లో, ఆంధ్రలో మీభూమి సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూస్తే తెలుస్తుంది. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో వెతకండి. అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చినది), దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి తక్కువకు వస్తున్నా వద్దు. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టమే నిషేధించింది, ఆంధ్రలో తర్వాత సడలింపులు వచ్చినా కొత్తగా దిగేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ మ్యాపు చూడాల్సిందే. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఇది హైదరాబాద్‌లో అందరికీ తెలిసొచ్చింది.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు కూడా ఆకర్షణగానే ఉంటాయి. గుంట అంటే 121 గజాలు, ఆ లెక్కన గజం ధర చాలా చవగ్గా కనిపిస్తుంది. కానీ లేఅవుట్ అనుమతి లేని పొలం ముక్క అది, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దగ్గర ఆగిపోతారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఎన్నారై హోదాలో వ్యవసాయ భూమి కొనకూడదని ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధన కూడా ఉంది, ఇళ్ల స్థలాలు, ఫ్లాట్లు కొనొచ్చు.

చివరగా అమ్మేవాళ్లతో సంబంధం లేని లాయర్‌తో లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. ఆ ఫీజు దగ్గర బేరమాడకండి. ఇదే ప్లాటు మీద ఏదైనా పెద్ద బ్యాంకు లోన్ ఇస్తుందా అని అడిగి చూడటం కూడా మంచి పద్ధతి, వాళ్ల లాయర్ ఒప్పుకోని కాగితం మీరెందుకు ఒప్పుకోవాలి?

ఆరో అడుగు: అసలు లాభం లెక్క, ఆ తర్వాతే సంతకం

120 గజాలు, గజం 8,000 అనుకుందాం. 9.6 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు సుమారు 7.5 శాతం, అంటే 72,000. లాయర్, కొలతలు, హద్దురాళ్లు కలిపి మొత్తం పదిన్నర లక్షలు అయ్యింది. ఐదేళ్లకు 14 లక్షలకు అమ్మారు. "నాలుగు లక్షల నలభై వేలు లాభం" అని ఊరంతా అంటుంది. కమీషన్ రెండు శాతం, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు పోగా చేతికి వచ్చేది 13.3 లక్షలు. ఏడాదికి ఐదు శాతం కూడా పడలేదు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక, ఆ ప్రాంతంలో గత మూడు నాలుగేళ్లలో నిజంగా జరిగిన రిజిస్ట్రేషన్ల ధరలు కనుక్కుని, అప్పుడు బేరం మొదలుపెట్టండి.

డబ్బంతా చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. స్థిరాస్తి విషయంలో 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పైగా డాక్యుమెంటులో తక్కువ ధర చూపిస్తే రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మీకే పడుతుంది. జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికార పత్రం) మీద అమ్ముతున్నాడంటే అసలు యజమానిని చూసి మాట్లాడాకే ముందుకెళ్లండి.

ఏడో అడుగు: కొన్నాక

రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే మ్యుటేషన్‌కు (రికార్డుల్లో మీ పేరు మార్పుకు) పెట్టండి, ఖాళీ స్థలం పన్ను పడితే కట్టి రసీదులు దాచండి. నాలుగు మూలలా రాళ్లు పాతించి, వీలైతే ఫెన్సింగ్ వేసి, పేరు, డాక్యుమెంట్ నంబరుతో చిన్న బోర్డు పెట్టించండి. మూడు నాలుగు నెలలకోసారి వెళ్లి ఫొటో తీసుకోండి, దూరంగా ఉంటే అక్కడ ఇల్లు కట్టుకుని ఉన్న ఎవరితోనైనా పరిచయం పెంచుకుని ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోండి. ఏడాదికోసారి ఈసీ తీసి, మీ ప్లాటు మీద మీకు తెలియకుండా కొత్త డాక్యుమెంటు ఏదైనా పడిందేమో చూసుకోండి. పడిందని తేలితే అదే రోజు లాయర్‌కు ఫోన్ చేయండి.