పిల్లలతో పద్యనాటకం ఆడించాలంటే

తెనాలిలో పదేళ్లుగా పిల్లలతో పద్యనాటకం ఆడిస్తున్నాను. హార్మోనియం కూడా నేనే వాయిస్తాను. కొత్తగా నాటక సమాజం పెట్టేవారికి నేను మొదట చెప్పేది ఒకటే: తొలి ఏడాది పూర్తి నాటకం జోలికి వెళ్లకండి. తిరుపతి వేంకట కవుల రాయబార ఘట్టంలో కౌరవ సభ ఒక్కటి చాలు, 40 నిమిషాలు.

పద్యాన్ని రాగంతో మొదలుపెట్టకండి. ముందు వచనంలా చదివించి, పదాలు విడగొట్టించి, అర్థాన్ని పిల్లల మాటల్లోనే చెప్పించండి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో ధ్వని కలిసే చోటు) ఉంది కదా అని అక్కడ ఊపిరి తీసుకోనివ్వవద్దు. మాట సగంలో తెగిపోతుంది. అర్థం ఆగిన చోటే ఆగాలి. మా దుర్యోధనుడు ఎనిమిదో తరగతి అమ్మాయి. ఆమెకు ఇది పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది. పట్టుబడిన రోజున మోహన రాగం దానంతట అదే వచ్చి కూర్చుంది.

గొంతు మారే వయసు అబ్బాయిలను పై షడ్జమం (పై స్థాయి ‘స’) కోసం ఎప్పుడూ బలవంతపెట్టకండి. శ్రుతి తగ్గించండి, లేదా వచనం ఎక్కువున్న పాత్ర ఇవ్వండి. చప్పట్ల కోసం ఆలాపన సాగదీయడం నేర్పవద్దు; బళ్లారి రాఘవ అంతటి నటుడు ఆ అతిని వ్యతిరేకించారు.

ఆడిటోరియం అద్దె మానేసి బడి వరండాలో, అపార్టుమెంటు ఆవరణలో ఆడండి. తెర తీసే ముందు కథ క్లుప్తంగా చెప్పి, ఒక్క పద్యానికి అర్థం విప్పండి. ఆ పద్యం రాగానే ముందు వరుస పిల్లలు గుర్తుపట్టి ఒకరినొకరు తట్టుకుంటారు. ‘వన్స్ మోర్’ అని కేక వస్తే మళ్లీ పాడించండి, ఒక్కసారే.