బీటెక్ సీటుకు డబ్బు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

కాలేజీ యాజమాన్యం తన కోటాలో ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు ఇచ్చేశాక లెక్కలు వేసి లాభం లేదు. ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు చేతికొచ్చాక వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్లో కాలేజీల ఎంపిక) మొదలయ్యేలోపే ఈ పని అయిపోవాలి.

ముందు మొత్తం ఖర్చు తేల్చండి. కాలేజీవాళ్లు నోటితో చెప్పేది ట్యూషన్ ఫీజు. దానికి హాస్టల్ లేదా బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, ట్రైనింగ్ పేరుతో అడిగేవి కలపాలి. ఏటా ఫీజు పెరుగుతుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. గుంటూరులో ఇల్లుండి వడ్లమూడికో చౌడవరానికో, బెజవాడలో ఉండి కానూరుకో వడ్డేశ్వరానికో రోజూ వెళ్లొచ్చే పిల్లలకు హాస్టల్ దండగ. పెద్ద మొత్తం మిగిలేది అక్కడే.

ప్రైవేటు కాలేజీల్లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అంటే పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరి చదువు గిట్టుబాటు కావచ్చు, రెండోవారిది కాకపోవచ్చు. మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సివిలో మెకానికలో వస్తుంటే, దాన్ని వదిలేసి ఊరూపేరూ లేని చోట లక్షలు పోసి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కొనడం మా దృష్టిలో తెలివితక్కువ బేరం.

అప్పు చేస్తే లెక్క ఇలా. ఏడాదికి 2 లక్షల చొప్పున 8 లక్షల బ్యాంకు లోను, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదివే నాలుగేళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చక్రవడ్డీ లేకపోయినా ఆ అయిదేళ్లకు 2,80,000 అవుతుంది. అప్పు 10,80,000కు చేరి, పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా దాదాపు 14,270 పడుతుంది. చేతికొచ్చే మొదటి జీతం 25,000 అయితే సగానికి పైగా బ్యాంకుకే. వాయిదా జీతంలో మూడో వంతు దాటుతుందనిపిస్తే ఆ సీటు వద్దు. వీలుంటే చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తుండండి, అప్పు పెరగదు. రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. ఆ భారం ఏ బ్రాంచీ మోయలేదు.

మరి ఆ జీతం ఎంతని తెలిసేదెలా? బెజవాడ బెంజ్ సర్కిల్ హోర్డింగుల మీది 'హయ్యెస్ట్ ప్యాకేజీ' ఒక్కరిది. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే కాలేజీలూ ఉంటాయి. కాలేజీ వెబ్‌సైటులో ఎన్ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్) అనే విభాగం ఉంటే అందులో పీడీఎఫ్ తెరవండి. ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులోపు పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతమెంత (సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ వచ్చేది) అన్నవి ఏడాదివారీగా కనిపిస్తాయి. ఉద్యోగాల సంఖ్యను పాసైనవాళ్లతో కాదు, చేరినవాళ్లతో భాగించండి. సప్లీలతో ఆగిపోయినవాళ్లు అప్పుడే లెక్కలోకొస్తారు. అయితే ఆ పట్టికలో బ్రాంచీలన్నీ కలిసే ఉంటాయి. మీ బ్రాంచీ వివరాలు ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడగాలి: ఎన్ని ఆఫర్లని కాదు, ఎంతమంది ఉద్యోగాల్లో చేరారని. చెప్పకపోతే అదే జవాబు. కోర్సు నాణ్యతకు ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కూడా బ్రాంచీకి వేరువేరుగా ఇస్తారు, చూసుకోండి.

పిల్లలింకా పదో తరగతిలోనే ఉంటే మరో దారి ఉంది. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరు. పాలిటెక్నిక్ మూడేళ్లు చదివి డిప్లొమావాళ్ల ప్రవేశపరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినా ఆరే. కార్పొరేట్ ఇంటర్ ఫీజు తప్పుతుంది, మధ్యలో ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది, రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీర్) పోస్టులకు అది చాలు. ఇక్కడ తేడా కొట్టేది లెక్కలు. బీటెక్ మొదటి ఏడాది మ్యాథ్స్ తప్పిపోతుంది కాబట్టి చేరేముందు సెలవుల్లో కాలిక్యులస్, మాత్రికలు చదివించండి. 

చివరగా, ఒరిజినల్ సర్టిఫికెట్లు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వెనక్కి తీసుకోండి. వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ఉంది. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రసీదు అడగండి. ఇవ్వనంటే అది డొనేషన్. 1983 నాటి చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజు, అంటే ఇలాంటి డొనేషన్, నిషిద్ధం.