ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే చెరువు గట్టు దాకా వెళ్ళండి

మాది పాలకొల్లు పక్కన పల్లె. ఇంజనీరింగ్ మూడో ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో భీమవరంలో ఒక చిన్న టెక్నాలజీ కంపెనీలో 8 వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. రొయ్యల చెరువుల్లో సెన్సర్లు పెట్టి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోన్‌కి పంపే యాప్ వాళ్ళది. పొద్దున్నే నరసాపురం నుంచి వచ్చే ప్యాసింజర్ ఎక్కేదాన్ని, సాయంత్రం మళ్ళీ అదే దారిలో ఇంటికి. ఈ ఏడాది మా జూనియర్లు "అక్కా, ఏం నేర్చుకుని వెళ్ళాలి, అక్కడ ఎలా ఉండాలి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందు డబ్బు సంగతి. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ఇంత కట్టండి అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మా క్లాసులో కొందరు కట్టారు. రెండు నెలల్లో వాళ్ళకి అందినవి కొన్ని వీడియోలు, ఆఖర్న ఒక సర్టిఫికెట్. ఆ డబ్బు ఇళ్ళల్లో ఎలా సర్దారో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ బాధగా ఉంటుంది. స్టైపెండ్ లేకపోయినా చేస్తామంటే అది మీ ఇష్టం, ఎదురు కట్టడం మాత్రం వద్దు. చేరేముందు మూడు విషయాలు అడగండి: నాకు పని చెప్పేదెవరు, చేసిన పని చూసేదెవరు, అది చివరికి ఎవరు వాడతారు. మూడింటికీ ఫలానా మనిషి అని జవాబు వస్తే చేరండి.

నేర్చుకుని వెళ్ళాల్సింది మీరు భయపడేంత ఏమీ లేదు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్‌లో బ్రాంచ్ (విడిగా పనిచేసుకునే పాయ) తీయడం, కమిట్ చేయడం (మార్పుని దాంట్లో నమోదు చేయడం), తప్పు జరిగితే వెనక్కి రావడం. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు టేబుళ్ళు కలపడం. ఇంకొకళ్ళు రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవడం. ఈ మూడోదే కష్టం, ఎందుకంటే కాలేజీలో ఎప్పుడూ ఖాళీ ఫైలు తెరిచే మొదలుపెడతాం. అక్కడ మనకంటే ముందు నలుగురైదుగురు రాసిన వందల ఫైళ్ళ మధ్య కూర్చోబెడతారు. సెలవులకి ముందే ఎవరిదైనా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రాజెక్టు ఒకటి దించుకుని, మీ లాప్‌టాప్‌లో నడిపించి, ఒక బటన్ నొక్కితే ఏ ఫైలు నుంచి ఏ ఫైలుకి వెళ్తోందో కాగితం మీద గీసుకోండి. పది కోర్సుల కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

మొదటి వారం ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాకు వాళ్ళ కోడ్ నా లాప్‌టాప్‌లో నడవడానికే రెండున్నర రోజులు పట్టింది. ఏది ఎక్కించాను, ఏ ఎర్రర్ వచ్చింది, ఎలా పోయింది అన్నీ వరసగా రాసుకున్నాను. మూడో రోజు దాన్నే శుభ్రంగా టైపు చేసి మా టీమ్ లీడ్ మేడమ్‌కి ఇస్తే, ఆవిడ కంపెనీ ఫోల్డర్‌లో పెట్టించారు. నా తర్వాత చేరిన అబ్బాయికి అదే పని ఒక పూటలో అయిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రమే కనపడే ఇబ్బందులు కొన్ని ఉంటాయి. పది రోజులు పోతే మీకూ అవి కనపడవు, అందుకే అప్పుడే రాసెయ్యాలి.

ప్రశ్న అడగడం ఒక పని. అది నేర్చుకోవాలి. నా మొదటి మెసేజ్ ఇది: "మేడమ్, సర్వర్ రన్ అవ్వట్లేదు." రెండు గంటల తర్వాత జవాబు వచ్చింది: "ఏ సర్వర్ అమ్మా? ఏమంటోంది?" ఆ పూటంతా పోయింది. తర్వాత ఇలా రాయడం అలవాటు చేసుకున్నాను: "నా లాప్‌టాప్‌లో సర్వర్ స్టార్ట్ చేస్తే డేటాబేస్ కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తోంది. ఎర్రర్ మొత్తం కింద పెట్టాను. పోర్ట్ 5432 అని సెట్టింగుల్లో సరిగ్గానే ఉంది. డేటాబేస్ అసలు నడుస్తోందో లేదో ఎలా చూడాలో తెలియలేదు." మూడు నిమిషాల్లో జవాబొచ్చింది. ఏం చేయబోయాను, ఏం జరిగింది, ఏమేం చూశాను, ఎక్కడ ఆగాను అని నాలుగు ముక్కలు చాలు. ఎర్రర్‌ని ఫోటో తీసి పంపకండి, అక్షరాలుగా పెట్టండి. అవతలివాళ్ళు దాన్ని వెతుక్కోవాలి కదా. అరగంట మీరు ప్రయత్నించండి, తేలకపోతే అడిగెయ్యండి. మొహమాటంతో రెండు రోజులు కూర్చున్నవాళ్ళని చూశాను. అడిగినందుకు వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. ముందే ఎందుకు అడగలేదు అన్నారంతే.

ఇక అసలు సంగతికి వస్తాను.

నాకిచ్చిన పని, ఆక్సిజన్ రీడింగులని గ్రాఫ్‌గా చూపించే పేజీ. సెన్సర్ 10 నిమిషాలకోసారి పంపుతుంది. నేను ఉత్తుత్తి అంకెలతో ఒక టేబుల్ తయారుచేసుకుని గ్రాఫ్ గీశాను. గీత చక్కగా వచ్చింది. మేడమ్ చూశారు, టీమ్‌లో ఇంకొకరు చూశారు, అందరూ బాగుందన్నారు. నాలుగో వారం కాళ్ళ మండలంలో ఒక చెరువు దగ్గర సెన్సర్ మార్చడానికి వెళ్తుంటే నేనూ వస్తానని అడిగి వెళ్ళాను. రోహిణీ కార్తె ఎండ. గట్టు మీద తాటాకు పాక, పక్కన డీజిల్ జనరేటర్, చెరువులో నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి. రైతు బాబాయ్ గారికి ఆయన చెరువు రీడింగులతోనే వచ్చిన నా గ్రాఫ్ ఫోన్లో చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, రాత్రి పదిన్నరకి డీవో పడిపోయిందని చూపిత్తంది. ఆ టైముకెందుకు పడుద్దమ్మా? మేం ఇంకా పడుకోనే పడుకోం. పడితే తెల్లారుజామున పడాలి."

డీవో అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్. ఆయన చెప్పింది నిజం. నీళ్ళలో ఉండే ప్లాంక్టన్ (కంటికి కనపడనంత సన్న నాచు) పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అది కూడా రొయ్యలతోపాటు ఆక్సిజన్ పీల్చుకోవడమే. అందుకే పొద్దు పొడిచేముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుంటుంది. రైతులు నిద్ర మానుకుని గట్టు మీద కాపలా ఉండేది ఆ వేళకే. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగుతోందంటే ఏరేటర్లు పెంచాలి. ఇంకా పడిపోతే రొయ్య పైకి తేలుతుంది.

ఆఫీసుకి వచ్చి చూస్తే తప్పు నాదే. సర్వర్ టైమంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి టైములో, దాస్తుంది. మన టైము దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. తెల్లారుజామున 4 గంటల రీడింగు యూటీసీలో ముందురోజు రాత్రి 10:30 అవుతుంది. నేను మార్చకుండా అలాగే చూపించాను. గ్రాఫ్ సరిచేయడానికి ఒక్క లైను చాలింది. కానీ అక్కడితో వదిలేయకుండా ఇంకెక్కడుందా అని వెతికితే, రోజువారీ కనిష్ఠం లెక్కలోనూ దొరికింది. యూటీసీలో అర్ధరాత్రి అంటే మనకి ఉదయం 5:30. అంటే నా లెక్కలో రోజు 5:30కి మారుతోంది, తెల్లారుజాము 4 గంటలకి పడిన ఆక్సిజన్ నిన్నటి ఖాతాలో పడుతోంది. రెండూ సరిచేసి, యూటీసీ 22:30 ఇస్తే మర్నాడు 4:00 రావాలి అని ఒక టెస్టు రాసిపెట్టాను. దాచడం యూటీసీలోనే ఉంచండి, చూపించేటప్పుడూ రోజులు విడగొట్టేటప్పుడూ మార్చండి.

ముగ్గురం కంప్యూటర్ తెలిసినవాళ్ళం చూసి పట్టుకోలేనిది, ఆయన ఒక్క చూపులో పట్టుకున్నారు. అందుకని, మీకు ఏ పని ఇచ్చినా రెండో వారంలోపే అది వాడే మనిషిని చూపించమని అడగండి. ఆసుపత్రి సాఫ్ట్‌వేరైతే రిసెప్షన్‌లో ఒక పూట కూర్చోండి, బిల్లింగ్ అయితే కొట్లో నిలబడండి. మీరు చూపించి మాట్లాడకండి, వాళ్ళ చేతికిచ్చి ఊరుకోండి. వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఉత్తుత్తి అంకెలతో కాకుండా నిజం రీడింగులతో పరీక్ష చేయండి, ఆ అంకె వెనక ఏం జరుగుతుందో ఒక్కసారైనా ఎవరినైనా అడగండి.

ఒక జాగ్రత్త. కంపెనీ పాస్‌వర్డులు, కీలు (సర్వర్లోకి వెళ్ళనిచ్చే రహస్య కోడ్‌లు) కోడ్‌లో రాసి, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టకండి. పొరపాటున పెడితే ఆ లైను తీసేసి మళ్ళీ కమిట్ చేసినంత మాత్రాన పోదు, పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. వెంటనే చెప్పి ఆ కీ రద్దు చేయించాలి. దాచిపెట్టడం మాత్రం వద్దు.

రోజూ రైల్లో కూర్చుని ఆరోజు చేసింది మూడు లైన్లు రాసుకునేదాన్ని. కాలేజీకి ఇవ్వాల్సిన రిపోర్టు దాంట్లోంచే వచ్చేసింది.

ఆఖరి వారం కొత్త పని మొదలుపెట్టకండి. అప్పజెప్పే కాగితం రాయండి: ఏది అయింది, ఏది సగంలో ఉంది, ఏది తెలిసీ వదిలేశాను. నా కాగితంలో చివరి అంశం ఇది. కరెంటు పోతే సెన్సర్ పంపడం ఆగిపోతుంది, కానీ యాప్ పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. ఏరేటర్లు ఆగిపోయిన వేళలో రైతుకి అంతా బాగున్నట్టే కనపడుతుంది. 20 నిమిషాలు దాటిన రీడింగుని ఎరుపులో చూపించాలి, ఎన్ని నిమిషాల కిందటిదో పక్కన రాయాలి. ఆ తప్పుని ఎలా రప్పించి చూడాలో కూడా రాశాను: సెన్సర్ ప్లగ్గు తీసి, యాప్ తెరిచి పెట్టుకుని, అరగంట ఆగండి.