సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతోందా? ఐడిల్ వాల్వ్ సంగతి చూడండి

విశాఖ మద్దిలపాలెం సిగ్నల్లో ఏసీ వేసుకుని ఆగారు, ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఆర్పీఎం ముల్లు 500 కిందికి జారి, బండి వణికి, టక్కున ఆగిపోయింది. వెనక సిటీ బస్సు హారన్ మోత. మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది, రోడ్డు మీద పికప్‌కి ఏ లోటూ లేదు. ఇలాంటి పెట్రోల్ బండిలో నేను మొదట అనుమానించేది ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌నే.

ముందుగా ఒక మాట. ఇది ఎక్సలరేటర్ కేబుల్ ఉన్న పాత ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండ్ల సంగతి. కేబుల్ లేకుండా మోటారుతో థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారికి తలుపు) తెరుచుకునే కొత్త బండ్లలో ఈ వాల్వ్ విడిగా ఉండదు, ఐడ్లింగ్ (కాలు తీసినా ఇంజన్ ఆగకుండా తిరగడం) పని కూడా ఆ థ్రాటిలే చూసుకుంటుంది. మీది అలాంటిదైతే థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఆ తర్వాత స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపాల కోడ్లు చదివే పరికరం) రీసెట్, అంతే.

కాలు తీసినప్పుడు థ్రాటిల్ ప్లేటు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అయినా ఇంజన్ తిరగాలంటే గాలి కావాలి కదా, ఆ గాలిని పక్క దారిలోంచి కొలిచి పంపేదే ఈ వాల్వ్. ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దీన్ని ఇంకాస్త తెరుస్తుంది. ఇంజన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరికి దుమ్ము తోడై, వాల్వ్ మొన మీద నల్లటి జిడ్డులా పేరుకుంటే అది సమయానికి కదలదు. పోర్టు దగ్గర జ్ఞానాపురం, వన్ టౌన్ వైపు రోజూ తిరిగే బండ్లకు బొగ్గు ధూళి కూడా తోడు, కాబట్టి అక్కడివాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని అసలు నిర్లక్ష్యం చేయకూడదు.

ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు ఆపేసి ముల్లు చూడండి. చాలా బండ్లలో 700 నుంచి 900 మధ్య నిలకడగా ఉండాలి. ఏసీ వేయగానే ఒక్క క్షణం తగ్గి వెంటనే సర్దుకుంటే వాల్వ్ పనిచేస్తున్నట్టే. తగ్గి అక్కడే ఉండిపోతే, లేదా ఆగిపోతే, కార్బన్ పట్టి ఇరుక్కుని ఉండొచ్చు. స్కానర్ పెడితే పీ0506 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువ, పీ0507 అంటే ఎక్కువ, పీ0505 అంటే మొత్తంగా ఐడిల్ కంట్రోల్లోనే లోపం. కోడ్ చూపించింది కదా అని వాల్వ్ కొనేయకండి. కోడ్ లక్షణం చెబుతుంది, కారణం చెప్పదు.

ముఖ్యంగా ఐడ్లింగ్ ఎక్కువగా ఉన్నప్పుడు. ముల్లు 1500 దగ్గర నిలిచిపోయినా, పైకీ కిందికీ ఊగుతున్నా ముందు చూడాల్సింది ఎక్కడైనా లెక్కలోకి రాని దొంగగాలి వస్తోందా అని. చిట్లిన వాక్యూమ్ ట్యూబు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, బిగుసుకుపోయిన ఎక్సలరేటర్ కేబుల్, ఈ మూడూ వాల్వ్ కంటే ముందు. ట్యూబుల చుట్టూ సబ్బు నీళ్లు కొద్దిగా స్ప్రే చేయండి. ఎక్కడ తగిలితే ఇంజన్ శబ్దం మారుతుందో లీకు అక్కడే. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతికేవాళ్లున్నారు, నిప్పంటుకుంటుంది, వద్దు. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చెడితే కూడా ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ ఆర్పీఎం పెంచుతూనే ఉంటుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కొన్ని గ్యారేజీల్లో థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచి పంపిస్తారు. ఆ స్క్రూ ఫ్యాక్టరీ సెట్టింగ్, దాన్ని ముట్టుకోనివ్వకండి. తిప్పితే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ లెక్క తప్పుతుంది, రోగం అలాగే ఉండిపోతుంది, తర్వాత చూసే మెకానిక్‌కి అసలు కారణం దొరకడం ఇంకా కష్టమవుతుంది.

ఇక విప్పడం. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, వాల్వ్ కనెక్టర్ ఊడదీసి ముందు పిన్నులు చూడండి. బీచ్ రోడ్డు వైపు, పెదగంట్యాడ వైపు ఆరుబయట పెట్టే బండ్లకు ఉప్పు గాలి వల్ల పచ్చటి చిలుము పడుతుంది, ఒక్కోసారి ఆ చిలుమే మొత్తం సమస్య. కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. స్క్రూలు బిగుసుకుని ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, తల అరిగిపోతే వేరే తలనొప్పి. కొన్ని బండ్లలో వాల్వ్ కిందుగా కూలెంట్ గొట్టాలు కూడా పోతాయి, వేడి మీద వాటి జోలికి వెళ్లొద్దు.

థ్రాటిల్ క్లీనర్‌ని మొన మీద, గాలి దారిలో మాత్రమే కొట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. మోటారు వైపు తడవకూడదు. మొనని చేత్తో నొక్కడం, తిప్పడం చేస్తే లోపలి పళ్లు పోతాయి. ఓ-రింగ్ (వాల్వ్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) గట్టిపడి ఉంటే కొత్తది వేయండి, పాతది వేస్తే అక్కడే మళ్లీ గాలి లీకు. స్టెప్పర్ (మెట్టు మెట్టుగా తిరిగే మోటారు) వాల్వ్ అయితే మల్టీమీటర్‌తో రెండు కాయిల్స్ కొలవండి, రీడింగ్ దాదాపు సమానంగా రావాలి. ఒకటి ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే ఇక క్లీనింగ్‌తో లాభం లేదు, కొత్తదే. అప్పుడు ఆటోనగర్‌కి పాత వాల్వ్ చేత్తో పట్టుకెళ్లి పార్ట్ నంబర్ చూపించి కొనండి, ఒకే మోడల్లోనూ తేడాలుంటాయి.

బిగించాక బ్యాటరీ కలిపి, ఎక్సలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేయండి. మొదట్లో ఆర్పీఎం కాస్త ఎక్కువగా ఉంటే కంగారు పడొద్దు, ఈసీయూ కొత్త లెక్క నేర్చుకుంటోంది. ఆ తర్వాత ఏసీ వేసి మరికొంతసేపు ఉంచండి. కొన్ని మోడళ్లకు ఇది చాలదు, స్కానర్‌తోనే ఐడిల్ లెర్నింగ్ చేయించాలి.